పెట్టుబడికి తివాచీ, విరాళానికి సంకెళ్లు

మన దేశంలో విదేశీ ధనానికి రెండు జాతులున్నాయి. ఒకటి లాభం కోసం వచ్చేది, రెండోది లాభం ఆశించకుండా వచ్చేది. మొదటిదానికి స్వాగత తోరణాలు, రెండోదానికి విచారణలు. ఆయుధాలు తయారుచేసే కర్మాగారం కొత్తగా లైసెన్సు కోరితే, అందులో 74 శాతం వాటా విదేశీ కంపెనీ తీసుకోవడానికి 2020 నుంచి ఆటోమేటిక్ మార్గం ఉంది. అదే విదేశీయుడు విచారణ ఖైదీలకు వకీలును పెట్టించే ఒక చిన్న సంఘానికి పదివేల రూపాయలు పంపదలచుకుంటే కథ వేరు. ఆ సంఘం ముందు కేంద్ర హోంశాఖ వద్ద నమోదు కావాలి, లేదా ఆ పదివేలకే ముందస్తు అనుమతి తెచ్చుకోవాలి. నమోదును ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఆదోనిలో ఉన్నా, ఆదిలాబాదులో ఉన్నా, ఢిల్లీ పార్లమెంటు వీధిలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంకు శాఖలో ఖాతా తెరవాలి. తుపాకీ తయారీకి లేని అనుమానం న్యాయ సహాయానికి ఎందుకు? ఈ ప్రశ్న అడిగినవారిని దేశద్రోహి అనడం సులువు. జవాబు చెప్పడం మాత్రం అంత సులువు కాదు. అందుకే ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం మొదట వచ్చింది 1976లో. అంటే ఎమర్జెన్సీ కాలంలో, ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉన్నప్పుడు. ‘విదేశీ హస్తం’ అనే మాట ఆనాటి పాలకుల నోట నిత్యపారాయణంగా ఉండేది. రాజకీయ పార్టీలను, అభ్యర్థులను, శాసనసభ్యులను, న్యాయమూర్తులను, పత్రికలను పరదేశాలు కొనేయకుండా కాపాడడం ఆ చట్టం ప్రకటించుకున్న లక్ష్యం. ఆ భయం పూర్తిగా కల్పితమని నేను అనను. అగ్రరాజ్యాలు రెండూ చిన్న దేశాల్లో డబ్బు వెదజల్లిన రోజులవి. అయితే ఆ చట్టానికి మొదట ఉద్దేశించిన నిందితుడు ఎవరో పాఠకులు గుర్తుంచుకోవాలి. రాజకీయ పార్టీ. ఇవాళ ఆ నిందితుడు దర్జాగా గేటు దాటి బయటికి వెళ్లిపోయాడు. బోనులో నిలబడింది సేవాసంఘం.

అతడు ఎలా బయటపడ్డాడో చెప్పుకోదగ్గ కథ. బ్రిటన్ కంపెనీ వేదాంతకు చెందిన సంస్థల నుంచి దేశంలోని రెండు ప్రధాన పార్టీలూ విరాళాలు తీసుకున్నాయని అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ అనే సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. దానితోపాటు పిటిషనరుగా నిలిచినవారు మన విశాఖపట్నంవాసి, విశ్రాంత ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ. 2014 మార్చి 28న హైకోర్టు, భారతీయ జనతా పార్టీ, కాంగ్రెసు రెండూ ఈ చట్టాన్ని ఉల్లంఘించినట్టు కనబడుతోందని తేల్చి, ఆరు నెలల్లో చర్య తీసుకోమన్నది. చర్య తీసుకున్నారు, చట్టం మీద. 2016 ఆర్థిక బిల్లులో ‘విదేశీ వనరు’ అనే మాటకు నిర్వచనం మార్చి, పరిమితికి లోబడి విదేశీ వాటా ఉన్న కంపెనీలను స్వదేశీ చేసేశారు. అదీ 2010 నుంచి వర్తించేలా. అప్పటికీ పాత చట్టం కింద దోషం మిగిలే ఉందని ఎవరో గుర్తు చేశారు కాబోలు, 2018 ఆర్థిక బిల్లులో ఆ తేదీని 1976 ఆగస్టు 5కు జరిపారు. లోక్‌సభలో ఆ బిల్లు చర్చ లేకుండానే గట్టెక్కింది. నలభై రెండేళ్ల వెనక్కి పోయి క్షమాభిక్ష పెట్టుకున్నారన్నమాట. నేను మూడు దశాబ్దాలు ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఒక వితంతువుకు రావలసిన కుటుంబ పింఛను బకాయి మూడేళ్లు దాటిందంటే కాలదోషం పట్టిందని ఫైలు మీద రాయించే ప్రభుత్వం, తన పార్టీల కోసం నలభై రెండేళ్ల కాలదోషాన్ని ఒక్క వాక్యంతో కడిగేసుకుంది.

ఈ పాపం ఒక్క పార్టీదేనని మనవాళ్లు భ్రమపడరాదు. 1976 చట్టం కింద నమోదు ఒకసారి జరిగితే శాశ్వతం. దానికి ఐదేళ్ల గడువు పెట్టింది 2010 నాటి కాంగ్రెసు నాయకత్వ ప్రభుత్వం. కూడంకుళం అణువిద్యుత్ కేంద్రం వద్ద మత్స్యకారులు ఉద్యమిస్తే, దాని వెనక అమెరికా స్వచ్ఛంద సంస్థలున్నాయని 2012లో అన్నది మృదుభాషిగా పేరున్న ప్రధాని మన్మోహన్ సింగ్. ఆ రోజు వారు పదును పెట్టిన కత్తితోనే తరువాతివారు కోస్తున్నారు. రాజీవ్ గాంధీ ఫౌండేషన్ నమోదు 2022లో రద్దయినప్పుడు వారికి నొప్పి తెలిసింది. కాస్త ఆలస్యంగా తెలిసింది.

2020 సవరణ సంగతి ఇప్పుడు. ఆ సెప్టెంబరు 20న లోక్‌సభలో బిల్లు పెట్టారు, 21న ఆమోదించారు. వ్యవసాయ చట్టాల గొడవలో ప్రతిపక్షం సభను బహిష్కరించి ఉండగా 23న రాజ్యసభ ఆమోదించింది. 29 నుంచి అమలు. కరోనాతో ఊళ్లు మూతపడి, వలస కూలీలకు అన్నం పెట్టింది స్వచ్ఛంద సంఘాలేనని అందరూ మెచ్చుకుంటున్న సంవత్సరం అది. ఆ మెప్పుకు బహుమానంగా ఈ సవరణ వచ్చింది.

దీనిలో పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. వినడానికి బాగానే ఉంటుంది. కార్లకూ హోటళ్లకూ ఖర్చు పెట్టకుండా పేదలకు పెట్టమన్నారు కదా అని మనలో చాలామంది తల ఊపారు. పాలనా ఖర్చు అంటే ఏమిటో నియమావళి తెరిచి చూసినవారు తక్కువ. ఆసుపత్రి వైద్యుల జీతాలు, బడి ఉపాధ్యాయుల జీతాలు అందులోకి రావు. అది న్యాయమే. కాని నివేదికలు రాసి సమర్పించే ఖర్చు, న్యాయ సంబంధమైన ఫీజులు, వాహనాల ఖర్చు, కార్యాలయం అద్దె పాలనా ఖర్చులే. ఇప్పుడు చెప్పండి, ఒక మానవహక్కుల సంఘం చేసే పని ఏమిటి? అల్లరి జరిగిన ఊరికి వాహనంలో వెళ్లడం, బాధితుల వాంగ్మూలాలు సేకరించి నివేదిక రాయడం, కోర్టులో వాదించడం. ఆ సంఘం చేసే అసలు పనినే నియమావళి పాలనా ఖర్చు అని పేరు పెట్టి, నూటికి ఇరవైకి మించి చేయవద్దంటోంది. బియ్యం మూటలు పంచే సంఘానికి ఈ నియమం తగలదు. ఆ బియ్యం మూట ఎందుకు అవసరమైందని అడిగే సంఘానికి మాత్రం ఊపిరాడదు. ఇలా రాయడం యాదృచ్ఛికమని నమ్మేంత అమాయకత్వం నాకు లేదు. నియమాల భాషను చాలాకాలం దగ్గర నుంచి చూశాను.

రెండో మేకు ఇంకా లోతుగా దిగింది. నమోదైన ఒక సంస్థ తాను తెచ్చిన విదేశీ విరాళాన్ని నమోదైన మరో సంస్థకు సైతం ఇవ్వరాదు. ఇదివరకు పట్నంలోని పెద్ద సంస్థ ఇంగ్లీషులో దరఖాస్తులు రాసి, లెక్కలు చూసి, నిధులు తెచ్చి, పల్లెల్లోని చిన్న సంఘాలకు పంచేది. ఆ కాలువ కట్టేశారు. చిన్న సంఘం స్వయంగా నమోదు చేసుకోవచ్చు కదా అంటారు. నమోదుకు మూడేళ్ల వయసు ఉండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి చూపాలి. పదిహేను లక్షలు ఖర్చు చేయగల సంఘం అయితే ఒకరి ముందు చెయ్యి చాచవలసిన పనేముంది? బీడీ కార్మిక మహిళల సంఘమో, దూదేకుల యువకుల గ్రంథాలయమో ఆ లెక్క ఎన్నటికి చూపగలదు?

ఇక ఫైలు సంగతి. 2021 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున, మదర్ థెరిసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీ పునరుద్ధరణ దరఖాస్తును హోంశాఖ తిరస్కరించింది. ప్రతికూల సమాచారం అందింది అన్నది కారణం. ఏమిటా సమాచారం? ఎవరిచ్చారు? లోకానికి చెప్పలేదు. ప్రపంచమంతా గగ్గోలు పుట్టాక, పక్షం రోజులు తిరగకుండానే నమోదు పునరుద్ధరించారు. మరి ఆ ప్రతికూల సమాచారం ఏమైంది? ఆవిరైందా?

గుమాస్తాల లోకంలో రహస్య నివేదిక అని ఒకటుంటుంది. పై అధికారి ఏటేటా మన పని గురించి రాసేది. అందులో ప్రతికూలమైన మాట రాస్తే మనకు తెలియజేయాలి, మన సంజాయిషీ వినాలి. తెలియజేయని మాటను చూపి పదోన్నతి ఆపకూడదు. 2008లో దేవ్‌దత్ కేసులో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసి, ప్రతికూలమైనదే కాదు, ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలియజేయవలసిందే అన్నది. ఒక జూనియర్ అసిస్టెంటు పదోన్నతికి ఉన్నపాటి రక్షణ, వేలమంది అనాథలను, కుష్ఠురోగులను సాకుతున్న సంస్థకు లేకపోయింది. తిరస్కరణ అయినా నయం, దానిమీద కోర్టుకు వెళ్లవచ్చు. దానికంటే ఘోరం పెండింగు. ‘పరిశీలనలో ఉన్నది’ అనే రెండు మాటలకున్న బలం బయటివారికి తెలియదు. ఆ రెండు మాటలతో ఒక సంస్థ ఉద్యోగులు చెదిరిపోతారు, అద్దె బకాయిపడుతుంది, దాతలు మరో దేశం చూసుకుంటారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు, ఫైలు మాత్రం కదలలేదు. సస్పెన్షను అయితే 180 రోజులు, మళ్లీ ఇంకొక 180 రోజులు. నమోదు రద్దయిందా, విదేశీ విరాళంతో సమకూరిన ఆస్తులు కూడా ప్రభుత్వం నియమించిన అధికారి అధీనంలోకి పోతాయి.

రద్దయిన నమోదులు హోంశాఖ లెక్క ప్రకారమే ఇరవై వేలు దాటాయి. అందులో వార్షిక లెక్కలు సమర్పించని బద్ధకస్తులున్నారు, బోర్డు తప్ప ఏమీలేని కాగితపు సంఘాలున్నాయి. ఒప్పుకుందాం. డబ్బు కాజేసినవాణ్ణి శిక్షిస్తే మనకేమీ బాధ లేదు. కాని జాబితాలో కొన్ని పేర్లను వరుసగా చదవండి. తీస్తా సెతల్వాడ్ నడిపిన సబ్‌రంగ్ ట్రస్టు, 2016. గుజరాతు మారణకాండ బాధితుల పక్షాన నిలిచినవారామె. ఇందిరా జైసింగ్, ఆనంద్ గ్రోవర్‌ల లాయర్స్ కలెక్టివ్, అదీ 2016. పోలీసు సంస్కరణల మీద, సమాచార హక్కు మీద పనిచేసే కామన్వెల్త్ హ్యూమన్ రైట్స్ ఇనిషియేటివ్, 2022. విధాన పరిశోధన చేసే సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్, 2024. 2020 ఆగస్టులో ఢిల్లీ అల్లర్లలో పోలీసుల పాత్రపై ఆమ్నెస్టీ ఇండియా నివేదిక ఇచ్చింది. సెప్టెంబరులో దాని బ్యాంకు ఖాతాలు స్తంభించాయి, నెలాఖరుకు తలుపులు మూసుకుంది. విరాళాల చట్టాన్ని తప్పించుకోవడానికి పెట్టుబడి పేరుతో డబ్బు తెచ్చిందని ప్రభుత్వ ఆరోపణ. అది నిజమో కాదో కోర్టు తేల్చవలసిన మాట. తేలకముందే సంస్థ మూతపడింది. ఈ పేర్లలో ముస్లిం సంస్థ ఒక్కటీ లేదని గమనించారా? అయినా ఆ తలుపులు మూసుకున్నప్పుడు బయట నిలబడిపోయినవారిలో మనవాళ్లెందరో లెక్క పెట్టుకోవచ్చు. మన ఇళ్ల మీదికి బుల్డోజరు వచ్చిన రోజున, మన పిల్లవాడు ఏళ్ల తరబడి విచారణ ఖైదీగా మగ్గిన రోజున కాగితం పట్టుకుని వచ్చినవారిలో అధికులు మన మతంవారు కారు.

సుప్రీంకోర్టుకూ ఈ వివాదం వెళ్లింది. రెండు తీర్పులున్నాయి, రెండింటినీ చెప్పుకోవాలి. 2020 మార్చి 6న మన గుంటూరు ప్రాంతం నుంచి వెళ్లిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ దీపక్ గుప్తాల ధర్మాసనం ఇన్సాఫ్ అనే సంస్థ కేసులో ఒక మంచి మాట చెప్పింది. పార్టీ రాజకీయాలతో సంబంధం లేని సంఘం హక్కుల కోసం బంద్‌కో హర్తాళ్‌కో మద్దతిచ్చినంత మాత్రాన దానిని రాజకీయ సంస్థగా ముద్రవేసి విరాళం ఆపరాదని. ఆరు నెలలకే సవరణ వచ్చింది. ఆ సవరణను సవాలు చేసిన నోయెల్ హార్పర్ కేసులో 2022 ఏప్రిల్ 8న మరో ధర్మాసనం, పదాధికారుల ఆధార్ విషయంలో పాస్‌పోర్టు చాలునని చిన్న ఉపశమనం ఇచ్చి, మిగిలినదంతా సమర్థించింది. విదేశీ విరాళం పొందడం సంపూర్ణ హక్కు కాదన్నది. దేశంలో దాతలకు కొదవ లేదు కదా అన్న ధోరణిలో సాగింది.

న్యాయస్థానం పట్ల పూర్ణ గౌరవంతోనే అడుగుతున్నాను. దాతలకు కొదవ లేదు, నిజమే. గుడికి ఇస్తారు, మస్జిదుకు ఇస్తారు, అన్నదానానికి, చలివేంద్రానికి, కంటి శిబిరానికి ఇస్తారు. చట్టం ప్రకారం లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయవలసిన కంపెనీలు మంచినీటి యంత్రాలు పెడతాయి, మరుగుదొడ్లు కడతాయి. మరి లాకప్ మరణం మీద నిజనిర్ధారణకు రశీదు తీసుకుని చందా ఇచ్చే వ్యాపారి ఎవరు? రేపు అతని గోదాముకు ఏ శాఖవారు తనిఖీకి వస్తారో అతనికి తెలుసు. హక్కుల పనికి డబ్బు దేశం బయటి నుంచి రావడానికి కారణం దేశభక్తి లోపం కాదు, దేశంలో ఉన్న భయం. ఐక్యరాజ్యసమితి 1998 డిసెంబరు 9న ఆమోదించిన మానవహక్కుల పరిరక్షకుల ప్రకటన పదమూడో అధికరణం, ఈ పనికి నిధులు కోరే, పొందే, వాడుకునే హక్కు ప్రతివారికీ ఉందన్నది ఇందుకే.

పైగా ఈ చట్టం అందరికీ ఒకేలా చేదుగా లేదు. ప్రధానమంత్రి పేరుతో నడిచే పీఎం కేర్స్ నిధికి 2020లో దీని నుంచి పూర్తి మినహాయింపు ఇచ్చారు. అయోధ్య ఆలయ ట్రస్టుకు 2023లో విదేశీ విరాళాల అనుమతి లభించింది. భక్తులు ఇస్తారు, వారు తీసుకుంటారు, అది వారి హక్కు. ఆ ద్వారం అందరికీ తెరవమనడమే మన కోరిక. అనంతపురం సంగతి చూడండి. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆ కరువు సీమలో ఇళ్లు కట్టింది, బడులు నడిపింది, బత్తలపల్లిలో పెద్ద ఆసుపత్రి నిర్మించింది. 2025లో దాని నమోదు పునరుద్ధరణ చిక్కుల్లో పడితే కులమతాలతో పనిలేకుండా జిల్లా ప్రజలు వీధుల్లోకి వచ్చారు. అందులో మన అక్కచెల్లెళ్లూ ఉన్నారు. జనం వీధికెక్కగల సంస్థ కనుక అందరి కంటా పడింది. వీధికెక్కేవారు లేని చిన్న సంఘాల మాటేమిటి?

ఇంతవరకూ ప్రభుత్వం మీద రాశాను. ఇప్పుడు మన ముంగిలి.

ఈ చట్టం కంటే దాని నీడ పొడవైంది. జిద్దాలో డ్రైవరుగా ఉన్న కొడుకు ఊరి సంఘానికి ఐదువేలు పంపుతానంటే తండ్రి వద్దంటున్నాడు, ఢిల్లీ నుంచి నోటీసు వస్తుందని. ఇది అనవసరపు భయం. భారత పౌరసత్వం ఉన్నవాడు తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కానే కాదు, అతడు సౌదీలో ఉన్నా, కువైట్‌లో ఉన్నా సరే. గల్ఫ్ దేశాలు పౌరసత్వం ఇవ్వవు గనుక అక్కడున్న మన బిడ్డలు దాదాపుగా అందరూ ఇప్పటికీ భారతీయులే. అతని పాస్‌పోర్టు నకలు తీసుకుని, రశీదు ఇచ్చి, ఖాతాలో వేసుకోండి. షికాగోలో స్థిరపడి అమెరికా పౌరుడైన అన్న విషయం వేరు. అతని డబ్బు రూపాయల్లో ఇచ్చినా, తమ్ముడి చేతుల మీదుగా ఇప్పించినా సంఘానికి అది విదేశీ విరాళమే. నమోదు లేకుండా పుచ్చుకోరాదు. ఈ తేడా తెలియక కొందరు న్యాయమైనదాన్ని వదులుకుంటున్నారు, కొందరు ముట్టకూడనిదాన్ని ముడుతున్నారు. రెండోవారు చేసే ఒక్క పొరపాటు చాలు, టీవీలో వారం రోజులు మన మొత్తం సముదాయం ముద్దాయి అవుతుంది.

‘మనకు జకాత్ ఉంది, పరాయి సొమ్ము దేనికి?’ అనే పెద్దలున్నారు. మంచి మాటే. ఆ జకాత్‌లో ఎంత భాగం న్యాయ సహాయానికి పోతోందని అడిగితే సమాధానం ఉండదు. రంజాన్‌లో రేషన్ సంచులు, మదర్సాల రశీదు పుస్తకాలు, అంతటితో సరి. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో దాస్యబంధంలో ఉన్నవారూ ఉన్నారు, అప్పుల్లో మునిగినవారూ ఉన్నారు. జామీను కట్టే స్తోమత లేక జైల్లో ఉన్న నిరుపేదకు ఇది ఎంతవరకు వర్తిస్తుందో మన రెండు రాష్ట్రాల ఉలమా కూర్చుని తేల్చాలి. తేల్చేదాకా సదఖా ఇవ్వడానికి అడ్డేముంది? ఇచ్చినవారు అడగవలసిందీ ఒకటుంది: లెక్క. ఆడిట్ చేయించని, ఏటేటా రిజిస్ట్రారుకు పాలకవర్గ జాబితా పంపని సంఘాలు మన పట్టణాల్లో కోకొల్లలు. ప్రభుత్వాన్ని కారణాలు చెప్పమని నిలదీసేవారు తమ సభ్యులకు ఖర్చులు చెప్పకపోతే ఎలా? నిధులున్నన్నాళ్లు ఫ్లెక్సీలు కట్టి, నిధులు ఆగగానే బాధితులను వదిలేసిన ‘ప్రాజెక్టు’ సంస్థలను కూడా చూశాం. ఆ తీరు మీద నాకూ కోపమే. కాని ఆ కోపాన్ని సాకుగా తీసుకుని చట్టం చేసే అన్యాయాన్ని సమర్థించే వాదన మాత్రం చెల్లదు.

ఇల్లు చక్కబెట్టుకున్నా లోటు పూడదు. మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును 2022లో ఎత్తేశారు. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు ప్రీమెట్రిక్ ఉపకారవేతనం ఆపేశారు. 2024లో మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసేయమని ఆదేశించారు. ఇచ్చే చెయ్యి తాను వెనక్కి తీసుకుని, బయటి నుంచి ఇచ్చే చేతిని కూడా పట్టుకుంటానంటే సహించరాదు. తిరస్కరణకు కారణాలు లిఖితంగా ఇవ్వాలి. గడువులోగా నిర్ణయం రాకపోతే అనుమతి వచ్చినట్టే భావించాలి. కోర్టు ఖర్చును, నివేదిక ఖర్చును పనిగా లెక్కించాలి. చిన్న సంఘాలకు నిధుల కాలువ తిరిగి తెరవాలి. పార్టీలకు పెట్టుకున్న నిర్వచనమే సంఘాలకూ పెట్టాలి. ఇందులో గొంతెమ్మ కోరిక ఒక్కటైనా ఉందా?

వచ్చే రంజాన్‌లో మీ ఊరి ఇఫ్తార్ విందుకు పార్లమెంటు సభ్యుడు టోపీ పెట్టుకుని వస్తాడు. ఖర్జూరం అందించండి, మర్యాదలో లోటు చేయవద్దు. నమాజు అయ్యాక పక్కన కూర్చుని, 2020 సెప్టెంబరులో ఆ మూడు రోజులు వారి పార్టీ సభలో ఏం చేసిందో అడగండి. జ్ఞాపకం లేదంటే, సభ కార్యకలాపాల ప్రతి తెప్పించి చూపమనండి. పై సవరణలు కోరుతూ ప్రైవేటు బిల్లు పెడతారో లేదో నలుగురి ముందు చెప్పమనండి. ఆయన చెప్పిన జవాబును తేదీ వేసి ఈ పత్రికకు రాసి పంపండి.